పెన్న పుట్టే కొండల వైపు తిరిగి

మాది నెల్లూరు జిల్లా సంగం దగ్గర పల్లె. నాయన పెన్న కాలవల మీద ముప్పై ఏళ్లు లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. షట్టర్లు ఎత్తడం, దించడం, రాత్రిపూట లైటు పట్టుకుని గట్టు మీద తిరిగి ఎక్కడన్నా గండి పడుతోందేమో చూడటం ఆయన పని. ఆ నీళ్లు ఎక్కడ బయల్దేరతాయో మాత్రం ఆయన ఎప్పుడూ చూడలేదు. నేను బెంగళూరు వచ్చి తొమ్మిదేళ్లయింది. మారతహళ్లిలో నేనుండే ఇంటి నుంచి రెండు గంటల్లోపే ఆ చోటుకి పోవచ్చని తెలిసి కూడా నేనూ చూడలేదు. ఈ ఏడాది నాయనకి డెబ్భై నిండాయి. పెన్న పుట్టే కొండల ఫొటో ఒకటి తీసి, పెద్దగా ప్రింటు వేయించి ఇస్తానని సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు మాటిచ్చి వచ్చాను.

నందికొండ, అదే నంది హిల్స్, బెంగళూరులో అందరికీ తెలిసిందే. ఆదివారం తెల్లవారుజామున సగం ఊరు అక్కడే ఉంటుంది. దానికి వాయవ్యంలో ఉన్న చెన్నకేశవ కొండల్లో మన పెన్న పుడుతుందన్న సంగతి మాత్రం మా ఆఫీసులో తెలుగువాళ్లకే చాలామందికి తెలియదు. అక్కడి నుంచి గౌరీబిదనూరు మీదుగా హిందూపురం వైపు మన నేల మీదకి వచ్చి, గండికోట దగ్గర రాతిని కోసుకుని, సోమశిల దాటి, సంగం, నెల్లూరు మీదుగా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం 597 కిలోమీటర్లు. చిత్రావతి, అర్కావతి, దక్షిణ పినాకిని కూడా ఆ నంది కొండల చుట్టుపక్కల పుట్టినవే.

ఫిబ్రవరి మధ్యలో ఒక ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకి నందికొండకి బయల్దేరాం. తోడు వచ్చింది మా టీంలో పనిచేసే అనంతపురం అన్న. చిత్రావతి ఆయనది, పెన్న నాది. హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కేదాకా రోడ్డు ఖాళీ. దేవనహళ్లి దాటాక మాత్రం కార్లు, బైకులు వరసకట్టాయి. కొండ కింద టీ కోసం ఆగితే కొట్టాయన మా మాటలు విని తెలుగులోకి దిగాడు. చిక్కబళ్లాపురం జిల్లాలో ఇది మామూలే. కన్నడ, తెలుగు ఒకే నోట్లో కలిసి ఉంటాయి. ఫలానా కొండ ఫొటోకి వచ్చామంటే ఆయన, "ఇప్పుడు నీళ్లు యాడుంటాయప్పా, వానల్లో రావల్ల" అన్నాడు. ఆ మాట అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

పైన ఎత్తు 1478 మీటర్లు. చలి చెవుల్లోకి దూరుతోంది. జనమంతా తూర్పు గోడ దగ్గర ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. నాకు కావాల్సిన కొండలు ఇటు పక్క, వాయవ్యాన. కాబట్టి వాళ్లందరికీ వీపు పెట్టి, పడమటి వైపు గోడ పక్కన ట్రైపాడ్ వేసుకున్నాను.

ఆరూ నలభై ప్రాంతంలో వెనక జనం ఒక్కసారిగా కేకలేశారు. సూర్యుడు వచ్చాడన్నమాట. నేను చూస్తున్న వైపు జరిగింది వేరు. నందికొండ నీడ కింద మైదానం మీద కిలోమీటర్ల కొద్దీ పరుచుకుని ఉంది. ద్రాక్షతోటలు, చెరువు, రోడ్డు, ఊళ్లు అన్నీ ఆ నీలం నీడ కింద ఇంకా నిద్రలోనే ఉన్నాయి. ఆ నీడ అంచు దాటితే చాలు, ఒక్కసారిగా పసుప్పచ్చ ఎండ. దాని అవతల, పలచటి పొగమంచులో ఒకదాని వెనక ఒకటి కొండలు. ముందున్నది గోధుమరంగు, వెనకది బూడిదరంగు, ఆ వెనకది ఆకాశంలో కలిసిపోయే నీలం. వాటిలో ఒక కొండ నడుం మీద నుంచి తెల్లటి గీత ఒకటి కిందకి దిగుతోంది. వాన పడితే నీళ్లు జారే గాడి అది. ఇప్పుడు ఒట్టి రాళ్లు, ఇసక. నీడ అంచు నా కళ్లముందే మెల్లగా వెనక్కి జరుగుతూ ఉంది. ఏడెనిమిది నిమిషాల్లో ముప్పై దాకా షాట్లు తీశాను.

కెమెరా స్క్రీన్ మీద చూసుకుంటే ప్రాణం ఉసూరుమంది. నీడలో నీలం లేదు, ఎండలో పసుపు లేదు. అంతా ఉతికి ఆరేసిన పాతచీరలా ఉంది. కారణం తెలుసు. మన కన్ను ఎండని, నీడని విడివిడిగా చూసుకుని సర్దుకుంటుంది. కెమెరాకి ఒక్క షాటుకి ఒకే ఎక్స్‌పోజర్, అంటే వెలుగుకి ఒకే కొలత. రంగులని కెమెరాయే సరిదిద్దే ఆటో వైట్ బ్యాలెన్స్ పెట్టి ఉంటే, పొద్దుటి ఎండలో ఉన్న పసుపుని తప్పుగా లెక్కేసి తీసేస్తుంది కూడా. అయితే నేను తీసింది రా ఫైల్. సెన్సర్ పట్టుకున్న వెలుగంతా అందులో వండని బియ్యంలా ఉంటుంది. వంట మన చేతిలో.

ఆ రాత్రి మొదటి వంట చేశాను. షాడోస్ స్లైడర్ ఎనభైకి తోశాను, నీడలో ఊళ్లన్నీ తేటగా కనపడాలని. పొగమంచు తగ్గించే డీహేజ్ సగం దాకా తోశాను. రంగులు పెంచాను. ఆకాశం బోడిగా ఉందనిపించింది. ఈ రోజుల్లో ఆకాశం మార్చడం ఒక్క నొక్కు పని. నల్లటి మబ్బులు, వాటి సందుల్లోంచి దిగే కిరణాలు తెచ్చి పెట్టాను. నది పుట్టే చోటు అన్నాక వాన ఉండాలి కదా అనుకున్నాను. పొద్దున ఆఫీసు గ్రూపులో పెడితే అందరూ అదిరింది అన్నారు. అనంతపురం అన్న ఒక్కడే, "మనం వెళ్లింది అక్కడికేనా?" అని అడిగాడు.

నాయనకి వాట్సాప్‌లో పంపాను. సాయంత్రం ఫోన్ చేశాడు.

"ఇది ఎప్పుడు తీశావురా?"

"మొన్న ఆదివారం నాయనా, నేను చెప్పలా?"

"కాదే. ఇది కార్తీకంలో పట్టే ముసురు మబ్బు. 2021 నవంబర్లో పడుగుపాడు కాడ హైవే తెగినప్పుడు మన నెత్తిన ఉండింది ఇట్టాంటి మబ్బే. ఇంత మబ్బు కింద గడ్డి ఎట్టా ఎండింది? ఆ కొండ మీద ఎండ యాడనించి పడింది?"

నేను ఫోటో మళ్లీ తెరిచి చూశాను. ముప్పై ఏళ్లు మబ్బుని చూసి షట్టరు ఎంత ఎత్తాలో లెక్కేసుకున్న మనిషికి ఒక్క చూపులో తెలిసిపోయింది. సూర్యుడు నా వెనక, కుడిపక్క. కొండల మీద వెలుగు అటు నుంచి పడుతోంది. నేను తెచ్చిపెట్టిన మబ్బుల్లో కిరణాలు ఎడమ పక్క నుంచి దిగుతున్నాయి. ఆకాశం మార్చినప్పుడు ఎక్కువమంది చేసే తప్పు ఇదే. నేల మీద వెలుగు ఎటు నుంచి పడుతోందో, ఏ నెల వెలుగో చూసుకోరు.

"మబ్బు నేనే పెట్టాను నాయనా. నీళ్లు ఉన్నట్టు ఉంటుందని."

కాసేపు ఆగి అన్నాడు, "మన పెన్న ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే గదరా. పుట్టిన కాడ కూడా అట్నే ఉందా?"

"అట్నే ఉంది నాయనా. ఒట్టి రాళ్లు."

"అయితే అదే చూపీ. నాకు ఆ రాళ్లే చూడాలని ఉంది."

ఆ రాత్రి రా ఫైల్ మళ్లీ మొదటి నుంచి తెరిచాను. ముందు ఏ స్లైడరూ ముట్టుకోలేదు. కళ్లు మూసుకుని అక్కడ ఏం చూశానో గుర్తు చేసుకున్నాను. మొదట గుర్తొచ్చింది నీడ. కొండంత నీడ, దాని అంచు. నేనేమో షాడోస్ ఎనభైకి తోసి ఆ నీడనే చెరిపేశాను! ఆ పొద్దున అక్కడ జరిగిన కథ అదే. వెలుగు ఆ గాడి వైపు నుంచి మెల్లగా నడిచి రావడం.

ఈసారి వైట్ బ్యాలెన్స్‌ని ఎండకి సరిపోయేలా 5500 కెల్విన్ (వెలుగు రంగుని కొలిచే లెక్క) దగ్గర ఆపాను. ఎండ పసుపు ఎండకి, నీడ నీలం నీడకి తిరిగొచ్చాయి. ఈ ఒక్క మార్పుతోనే సగం ప్రాణం వచ్చింది. షాడోస్ పెంచకపోగా కొంచెం తగ్గించాను. పూర్తిగా నల్లబడకుండా మాత్రం, ఫొటోలో నలుపు నుంచి తెలుపు దాకా ఏది ఎంతుందో చూపే హిస్టోగ్రామ్ గ్రాఫు ఎడమ అంచు చూసుకుంటూ ఆగాను, నీడలో చెరువు నీళ్ల మెరుపు ఆనవాలుగానైనా ఉండాలి కదా.

తర్వాత క్రాప్. ఆకాశం ఖాళీగా ఉంటే దాన్ని నింపాలని చూడటం కంటే తగ్గించడం మేలు. పైనుంచి కోసి ఫొటోలో ఐదో వంతు మిగిల్చాను. కింద మూడో వంతు నీడ. మధ్యలో ఎండ పట్టీ, అందులో కొండలు, ఆ తెల్లటి గీత.

పొగమంచు దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాను. దూరం పెరిగేకొద్దీ మధ్యలో గాలి, ధూళి వెలుగుని చెదరగొట్టి కొండని పాలిపోయినట్టు, నీలంగా చూపిస్తాయి. అది దగ్గర, ఇది దూరం అని కన్ను పోల్చుకునేది దాన్నిబట్టే. మొదటిసారి డీహేజ్ ఫొటో అంతటా పూసేసరికి మూడు వరసల కొండలు అట్టముక్కలు పక్కపక్కన అతికించినట్టయ్యాయి. కొండ శిఖరాల వెంట తెల్లటి అంచు కూడా వచ్చింది. ఈసారి మాస్కు వేసి ముందున్న కొండకి మాత్రం చిటికెడంత ఇచ్చాను. వెనకవి వాటి పొగమంచులో వాటిని వదిలేశాను. వాటివల్లే ఆ ముందు కొండ ముందుకి వచ్చి నిలబడింది.

చివరికి గాడి. చిన్న బ్రష్ తీసుకుని, ఆ గీత మీద మూడో వంతు స్టాపు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు) వెలుగు పెంచాను. దాని చుట్టూ అంతే మోతాదులో తగ్గించాను. డార్క్‌రూమ్ రోజుల్లో ఇదే పని కాగితం మీద పడే వెలుగుకి చెయ్యి అడ్డం పెట్టి చేసేవాళ్లు. అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలో తీసిన చంద్రోదయం ఫొటోలో, తర్వాతి ఏళ్లలో వేసిన ప్రింట్లలో ఆకాశం ఇంకా ఇంకా నల్లబడుతూ వచ్చింది. అదంతా ఒకే నెగటివ్ మీద, వెలుగుతో చేసిన పని. నాకు ఎడిటింగ్‌లో నచ్చేది అదే. ఉన్నదాన్ని ఎంత గట్టిగానైనా చెప్పొచ్చు, లేనిదాన్ని తెచ్చి పెట్టాల్సిన పని ఉండదు.

బ్రష్ పని నూరు శాతం జూమ్‌లో బాగానే కనపడుతుంది. వెనక్కి వచ్చి చిన్నగా చూస్తే అతి అయిందో లేదో తెలుస్తుంది. ఒకసారి నలుపు తెలుపులోకి మార్చి చూశాను. రంగు లేకపోయినా కన్ను నేరుగా ఆ గీత మీదకే వెళ్లింది. లాప్‌టాప్ మూసి పడుకున్నాను. రాత్రి ఎడిట్ చేసింది పొద్దున చూడకుండా ఎవరికీ పంపకూడదు. పొద్దున చూస్తే పసుపు కాస్త ఎక్కువనిపించి తగ్గించాను.

ప్రింటుకి ముందు చిన్న సైజులో టెస్ట్ ప్రింట్ వేయించాను. స్క్రీన్ వెనక లైటు ఉంటుంది, కాగితానికి ఉండదు. అనుకున్నట్టే నీడ బాగా నల్లబడి చెరువు మాయమైంది. కొంచెం వెలుగు పెంచి, మ్యాట్ పేపర్ మీద పెద్దది వేయించి, గొట్టంలో చుట్టుకుని, శుక్రవారం రాత్రి నెల్లూరు బస్సెక్కాను.

నాయన ప్రింటుని మంచం మీద పరిచి, నాలుగు మూలలా పుస్తకాలు పెట్టాడు. కళ్లజోడు తుడుచుకుని ఒంగి చూశాడు. మబ్బు సంగతి ఎత్తలేదు. కొంతసేపటికి చూపుడువేలు ఆ తెల్లటి గీత మీద పైన పెట్టి, మెల్లగా కిందకి జరిపాడు. నీడ అంచు దగ్గరకి వచ్చాక ఆపి, కాగితం చివరి దాకా, ఆ తర్వాత మంచం దుప్పటి మీద కూడా గీసుకుంటూ వెళ్లాడు.

"ఇట్టా పోయి హిందూపురం. ఇట్టా తిరిగి గండికోట. ఇదో, ఇక్కడ సోమశిల." వేలు దుప్పటి అంచు దగ్గర ఆగింది. "ఇది నా షట్టరు."

అమ్మ కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. ఆయన చూడలేదు.

"అబ్బయ్యా, నువ్వు ట్రైపాడ్ పెట్టిన చోటు గుర్తుందా?"

"గోడలో పగులున్న రాయి పక్కన నాయనా."

"దసరా దాటినాక నన్ను తీసుకుపో. ఆ రాయి కాడనే నిలబడి మళ్లీ తియ్యి. ఈ గీతలో నీళ్లుంటే ఎట్టా ఉంటదో దీని పక్కన పెట్టుకుంటా."