మెదెయీన్‌లో ఫ్నూ గారు

కొలంబియాలోని మెదెయీన్‌లో 172 రోజులుండి పోయిన వారమే హైదరాబాద్‌లో దిగాను. సూట్‌కేసు ఇంకా హాల్లోనే పడి ఉంది. కోపం చల్లారకముందే రాసేస్తే ఎవరికైనా పనికొస్తుందని కూర్చున్నాను. ఊరి మీద నాకే కోపమూ లేదు. ఉన్నదల్లా నా పాస్‌పోర్టులో ఖాళీగా వదిలేసిన ఒక గడి మీద, దాన్ని అలా వదిలేసిన మహానుభావుడి మీద.

ముందు తేలికైనవి. మన పాస్‌పోర్టుకు మామూలుగా కొలంబియా వీసా కావాలి. అయితే అమెరికా వీసా గానీ యూరప్ దేశాల ఉమ్మడి షెంగెన్ వీసా గానీ ఉండి, అక్కడ దిగే రోజుకు దానికింకా కనీసం 180 రోజుల గడువుంటే అక్కర్లేదు. అమెరికా వీసాల్లో సీ1 ట్రాన్సిట్ ఒక్కటే చెల్లదు. చాలామంది ఈ లెక్క టికెట్ కొన్న రోజు నుంచి వేస్తారు, అది తప్పు. దిగే తేదీ నుంచి వెయ్యాలి. నాకు 205 రోజులున్నాయి. దిగగానే 90 రోజులిస్తారు, మరో 90 పొడిగించుకోవచ్చు, క్యాలెండర్ ఏడాదిలో మొత్తం 180 దాటకూడదు.

ఎల్లో ఫీవర్ టీకా నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేయించుకున్నాను. సర్టిఫికెట్ చెల్లుబాటయ్యేది టీకా పడిన పది రోజుల తర్వాతే, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. గుడ్డు పడనివాళ్ళు, అరవై దాటినవాళ్ళు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. ఈ పసుపుపచ్చ కార్డు వెళ్ళేటప్పటికంటే తిరిగొచ్చేటప్పుడే ముఖ్యం. కొలంబియా మనవాళ్ళ ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో ఉంది. కార్డు లేకుండా దిగితే, అక్కడి నుంచి బయల్దేరి ఆరు రోజులు నిండేదాకా మనల్ని మన ఊళ్ళోనే క్వారంటైన్‌లో కూర్చోబెట్టొచ్చు.

బ్యాంకు ఓటీపీలు మన సిమ్‌కే వస్తాయి కాబట్టి ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడుండగానే ఆన్ చేయించండి. ఆర్నెల్లకు సరిపడా రీఛార్జ్ వేసి మరీ ఎక్కండి.

ఇక అసలు కథ.

మన ఎస్సెస్సీ మెమోలో పేరంతా ఒకే వరుసలో ఉంటుంది, ఇంటిపేరుతో మొదలై. వేమూరి వెంకట సుబ్బారావు అన్నట్టు. పాస్‌పోర్టు ఫారంలో మాత్రం సర్‌నేమ్‌కి ఒక గడి, గివెన్ నేమ్‌కి ఇంకొకటి. సర్‌నేమ్ తప్పనిసరి కాదు. పదేళ్ళ కిందట నా ఫారం నింపిన ఏజెంటు మెమోలో ఉన్న మూడు ముక్కలూ గివెన్ నేమ్‌లో కుక్కి, సర్‌నేమ్ ఖాళీగా వదిలేశాడు. అడిగితే "అదేం పర్లేదు సార్, అందరికీ ఇలాగే చేస్తున్నాం" అన్నాడు. నిజమే, అందరికీ అలాగే చేశాడు. ఆ అందరూ ఇప్పుడు నాలాగే ఏదో ఒక కౌంటర్ ముందు నిలబడి ఉంటారు.

సర్‌నేమ్ లేని పాస్‌పోర్టుకు అమెరికా వీసా ఇచ్చేటప్పుడు ఉన్న పేరంతా సర్‌నేమ్ గడిలోకి మారుస్తారు. గివెన్ నేమ్ గడిలో ఎఫ్ఎన్‌యూ అని అచ్చేస్తారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే అసలు పేరు తెలియదు అని. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేనివాణ్ణి వీసాలో సొంత పేరు లేనివాణ్ణయ్యాను. టికెట్ కొన్న ట్రావెల్స్ వాళ్ళు మూడో దారి తొక్కారు. సర్‌నేమ్‌లో నా పేరంతా, ఫస్ట్ నేమ్‌లో మళ్ళీ అదే పేరు. మనిషినొక్కణ్ణే, కాగితాల్లో ముగ్గురం.

శంషాబాద్‌లో రాత్రి పదకొండున్నరకి చెక్-ఇన్ కౌంటర్‌లో అమ్మాయి మూడూ పక్కపక్కన పెట్టుకుంది.

"సర్, మీ సర్‌నేమ్ ఏది?"

"పాస్‌పోర్టులో లేదండీ."

"వీసాలో ఉంది కదా?"

"అది నా పేరే."

"మరి ఈ ఫ్నూ ఎవరు?"

పక్కకి నిలబడమన్నారు. అంతలో రెండో సందేహం: కొలంబియా వీసా ఏదీ? అమెరికా వీసా చాలని చెబితే, ఆ వీసా నాదో కాదో ముందు తేలాలన్నారు. టికెట్ ఏజెన్సీలో కొన్నది కాబట్టి పేరు మార్చాల్సింది ఏజెన్సీ వాళ్ళేనట, తాము ముట్టుకోకూడదట. ఆ వేళప్పుడు ఏజెన్సీ ఫోన్ ఎవరెత్తుతారు? వెనక లైన్లో ఒక పెద్దాయన పక్కాయనతో "దొంగ వీసా అనుకుంటా" అన్నాడు, నాకు వినపడేలా. యాభై నిమిషాలు ట్రాలీ పట్టుకుని అలాగే నిలబడ్డాను.

చివరికి గట్టెక్కించినవి రెండు. అమెరికా వీసా కాగితం మీద పాస్‌పోర్టు నంబర్, పుట్టిన తేదీ అచ్చయి ఉంటాయి. సూపర్‌వైజర్ వచ్చాక పేరు గురించి వాదించడం మానేసి ఆ నంబర్ మీద వేలు పెట్టి చూపించాను. ఆ వెంటనే 180 రోజుల నిబంధన వాళ్ళ సిస్టమ్‌లోనే తీయమన్నాను. విమాన సంస్థలన్నీ వీసా నిబంధనలు చూసుకునే డేటాబేస్ ఒకటుంటుంది, అందులో ఇది ఉంది. తిరుగు టికెట్ 88వ రోజుకి ముందే కొన్నాను, దాని ప్రింటూ ఇచ్చాను. ఆయన టికెట్‌కి ఏదో రిమార్కు జోడించి పంపించాడు. ఫోల్డర్‌లో కాగితాలన్నీ వరుసలో పెట్టుకోబట్టి ఆ రాత్రి విమానమెక్కాను. ఈ ఒక్క విషయంలో నన్ను నేను మెచ్చుకుంటాను.

నా పాస్‌పోర్టులాంటిదే మీదైతే: ఇంకా అమెరికా వీసా తీసుకోకపోతే ఆగి, ముందు పాస్‌పోర్టు రీఇష్యూకి పెట్టి సర్‌నేమ్ విడగొట్టించుకోండి. 36 పేజీలదానికి ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2,000. వీసా ఇప్పటికే ఉంటే, టికెట్ అచ్చం వీసాలో ఉన్నట్టే కొనండి: పేరంతా సర్‌నేమ్‌లో, ఎఫ్ఎన్‌యూ ఫస్ట్ నేమ్‌లో. కొలంబియా ఇమిగ్రేషన్ వాళ్ళ ఆన్‌లైన్ ఫారం చెక్-మిగ్ కూడా అలాగే నింపండి. ప్రయాణానికి 72 గంటల ముందు నుంచి గంట ముందు వరకు నింపొచ్చు, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ కావాలి, పూర్తిగా ఉచితం. డబ్బులడిగే సైట్ కనిపిస్తే మూసేయండి. టికెట్ మాత్రం విమాన సంస్థ దగ్గరే నేరుగా కొనండి. ఏజెన్సీలో మిగిలే రెండు వేలకి ఆశపడితే ఆ రాత్రి మీరూ చూస్తారు.

బొగోటా ఇమిగ్రేషన్‌లో రెండే ప్రశ్నలు, ఒక ముద్ర. అక్కడి నుంచి లోపలి విమానం. మెదెయీన్ పెద్ద విమానాశ్రయం ఊళ్ళో ఉండదు, కొండ మీద రియోనెగ్రోలో ఉంటుంది. 8.2 కిలోమీటర్ల సొరంగం గుండా కిందికి దిగాలి.

ఇల్లు. కొలంబియాలో 2003 నాటి 820వ నంబరు చట్టం ప్రకారం నివాసపు ఇంటికి డిపాజిట్ తీసుకోకూడదు. సంబరపడకండి. దానికి బదులు ఫియాదోర్ కావాలంటారు, అంటే తన పేరున స్థిరాస్తి ఉన్న స్థానికుడి పూచీకత్తు. కొత్తగా దిగినవాడికి ఎక్కణ్ణుంచి వస్తాడు? అందుకే మనలాంటివాళ్ళకి మిగిలేది సామానుతో సహా ఇచ్చే అమొబ్లాదో ఇళ్ళు. నెలవారీ ఖరీదెక్కువ, చట్టం మాటెలా ఉన్నా వాటికి డిపాజిట్ కూడా అడుగుతారు. 30 రోజులకు తక్కువ ఇచ్చే ఇంటికి ఆర్‌ఎన్‌టీ అనే టూరిజం రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, అది లేకపోతే వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపొచ్చు. ఏడాది అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకండి, మధ్యలో వదిలితే మూడు నెలల అద్దె పోతుంది.

ఎల్ పొబ్లాదో అందరూ చెప్పే పేట. ఎత్తుపల్లాలు, రాత్రంతా మోత. నేను లౌరెలెస్‌లో ఉన్నాను. చదునైన నేల, చెట్లు, ఎస్తాదియో మెట్రో స్టేషన్‌కి నడిచే దూరం. అడ్రసులు తేలికే, కాయే అంటే వీధి, కర్రేరా అంటే దాన్ని అడ్డంగా కోసే వీధి: కాయే 10, నంబర్ 43-20 అంటే పదో కాయే మీద, 43వ కర్రేరా మూల నుంచి ఇరవై మీటర్లు. లౌరెలెస్‌లోనే వీధులు గుండ్రంగా తిరుగుతాయి, మొదటి వారం నేనూ తిరిగాను. ఆగస్టులో పూల పండగ, అద్దెలు పెరుగుతాయి. ఫోను చేతిలో పట్టుకుని రోడ్డు మీద నడవొద్దు. "బొప్పాయి ఇవ్వకు" అంటారు అక్కడివాళ్ళు, దొంగకి నువ్వే సందివ్వకు అని.

అగ్రిమెంట్‌లో ఓనరమ్మ నా పేరు పాస్‌పోర్టు చూసి కాదు, వీసా చూసి రాసింది. అప్పట్నుంచి గేటు దగ్గర "బ్వెనోస్ దియాస్, దోన్ ఫ్నూ", అంటే శుభోదయం ఫ్నూ గారూ అని. సూపర్‌మార్కెట్‌లో బిల్లు వేసేముందు సెదులా, అంటే అక్కడి గుర్తింపు కార్డు, నంబరడుగుతారు. మనకి ఉండదు, పాస్‌పోర్టు నంబర్ చెబితే చాలు.

పొడిగింపు ఆన్‌లైన్‌లోనే. మొదటి 90 రోజులు ముగిసేలోపే పెట్టాలి, నేను పదిహేను రోజుల ముందు పెట్టాను. పాస్‌పోర్టు ఫొటో పేజీ, ప్రవేశ ముద్ర ఉన్న పేజీ, తిరుగు టికెట్. నా 88వ రోజు టికెట్‌ని 172వ రోజుకి మార్పించాకే అప్లై చేశాను. ముద్ర సరిగ్గా పడకపోతే బొగోటాలోనే మళ్ళీ వేయించుకోండి. ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీగా ఒప్పుకోదు, లోపలికి వచ్చేటప్పుడు ఏ పేరుతో నమోదైతే అదే కొట్టండి.

వంట. అక్కడ 110 వోల్టులు, మన మిక్సీ, ఇండక్షన్ స్టవ్ పనిచెయ్యవు, మొయ్యకండి. కుక్కర్ తీసుకెళ్ళండి. ఊరు సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తు. నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి మామూలు గిన్నెలో పప్పు ఓ పట్టాన ఉడకదు. గ్వాందూ అని అమ్మేవి మన కందులే, పొట్టుతో ఉంటాయి, రాత్రి నానబెట్టాలి. కరివేపాకు మాత్రం ఎండబెట్టి పొడి చేసుకుని వెళ్ళండి.

నా అమెరికా వీసా ఈ నెలాఖరుకి అయిపోతుంది. పాస్‌పోర్టు రీఇష్యూ అపాయింట్‌మెంట్ వచ్చే గురువారం. సర్‌నేమ్ గడి ఈసారి నేనే నింపాను.