నానమ్మ సుద్దముక్క

నానమ్మ పోయి నేటికి పదమూడు రోజులు. ఆమె ట్రంకుపెట్టె సర్దుతుంటే చీర మడతల్లో అరిగిపోయిన సుద్దముక్క దొరికింది.

1995లో పల్స్ పోలియో మొదలైంది మొదలు, చుక్కల ఆదివారం వచ్చిందంటే మాకు చద్దన్నమే. ఐసు పెట్టె తగిలించుకుని పొద్దున్నే వెళ్లిపోయేది. మర్నాడు ఇల్లిల్లూ తిరిగి, పిల్లల ఎడమ చిటికెన వేలి మీద సిరా గుర్తు చూసి, చుక్కలు పడిన ఇంటి గోడమీద ‘పి’, పడని ఇంటికి ‘ఎక్స్’ రాసేది. ఇంగ్లీషులో ఆమెకు వచ్చినవి ఆ రెండక్షరాలే. ఎక్స్ ఇళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లేది. తిట్లూ తిన్నది లెండి.

2014 మార్చిలో భారత్‌కు పోలియో రహిత ధ్రువపత్రం వచ్చిందని పేపరు చదివి వినిపించాను. “బాగుందిరా. మరి ఆ చివరింటి చంటిది మొన్న ఊళ్లో లేదు, చుక్కలు వేయించారో లేదో” అంది.