గిన్నెలు తోమనన్న కల్సూబాయి

మనిషికి నాలుగు వేలు, పైసా దాటకూడదు. ఈ షరతు మీదే ఐదుగురం ఒకే కారులో ఇరుక్కుని హైదరాబాద్ నుంచి బయల్దేరాం. పెట్రోలు, టోల్‌గేట్లు పోగా చేతిలో మిగిలేది ఏముంటుంది? అందుకే దారిలో హోటల్ మాట ఎత్తకూడదనుకున్నాం. డిక్కీలో చిన్న గ్యాస్ స్టవ్, కుక్కరు, ఆవకాయ సీసా. లెక్కలు రాసేవాడికి ఆర్థిక మంత్రి అని పేరు పెట్టాం. సోలాపూర్‌లో నేను రెండో టీ అడిగితే "నీ సొంత డబ్బుల్తో తాగరా" అన్నాడు.

పుణె, సంగమ్‌నేర్ దాటి బారి చేరేసరికి చీకటి పడింది. కల్సూబాయి కొండ కింద ఊరు ఇదే. మహారాష్ట్రలో ఇంతకంటే ఎత్తయిన శిఖరం లేదు, 1646 మీటర్లు. ఒక ఇంటి వాళ్లు తక్కువ డబ్బులకే పడుకోవడానికి గది ఇచ్చారు. మేం వండిన కిచిడీ అడుగంటింది. మాడిన కుక్కరు ఎవరు తోమాలన్న పంచాయితీ తేలకుండానే నిద్రపోయాం.

తెల్లారకముందే లేచి నడక మొదలుపెట్టాం. వరి మళ్ల గట్లు దాటాక ఎక్కుడు మొదలు. వానాకాలం చివరి రోజులు కదా, వాలంతా పసుపు రంగు సోన్‌కీ పూలు. సగం కొండ ఎక్కేసరికి కబుర్లు ఆగిపోయాయి, ఆయాసం ఒక్కటే మిగిలింది.

నిట్టనిలువుగా ఉన్నచోట ఇనప నిచ్చెనలు బిగించారు. ఫొటోల్లో చూసి తేలికే అనుకున్నా గానీ, మంచుకు తడిసిన రెయిలింగ్ పట్టుకుని, దిగేవాళ్లకి దారిస్తూ ఎక్కుతుంటే మోకాళ్లు వణికాయి. అరచేతులకి తుప్పు వాసన పట్టేసింది. పక్కనే రాతిలో దిగ్గొట్టిన గొలుసులున్నాయి. నిచ్చెనలు లేని రోజుల్లో అవి పట్టుకునే ఎక్కేవారట! నా వల్లయితే కాదు.

ఒక నిచ్చెన పైన టార్పాలిన్ కింద ఒకావిడ నిమ్మరసం అమ్ముతోంది. మా మంత్రి అలవాటు కొద్దీ బేరం మొదలుపెట్టాడు. ఆవిడేమీ అనలేదు. పక్కనున్న నీళ్ల క్యాను చూపించి, తర్వాత కింద ఊరి వైపు చేయి చూపించింది. అంతే, వాడు నోరు మూసుకుని ఐదు గ్లాసులకీ అడిగినంతా ఇచ్చాడు. ఈ ట్రిప్పులో వాడు పెట్టిన ఖర్చుల్లో న్యాయమైనది ఇదొక్కటే అని నా అభిప్రాయం.

మాలో మరాఠీ వచ్చినవాడు ఆవిణ్ణి కొండ మీద గుడిలో ఉన్న కల్సూబాయి అమ్మవారి కథ అడిగాడు. కల్సూ అనే కోలీ తెగ పిల్ల ఒక ఇంట్లో పనికి కుదిరిందట. ఏ పనైనా చేస్తాను గానీ గిన్నెలు తోమను, ఇల్లు ఊడవను అని ముందే చెప్పింది. కొన్నాళ్లకి ఆ ఇంటివాళ్లు అవే పనులు చెప్పారు. పిల్ల కొండెక్కేసింది, మళ్లీ దిగలేదు. అంత పంతం ఉంటే దేవత కాక ఏమవుతుంది!

శిఖరం మీద ఆవిడ గుడి చాలా చిన్నది. నలుగురు దూరితే ఊపిరాడదు. బయటేమో నిలబడనివ్వని గాలి. చుట్టూ తెల్లగా మబ్బు తప్ప ఏమీ కనబడకపోతే ఇంత దూరం వచ్చింది దీనికా అని నీరసం వచ్చింది. రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటుండగా తెర తొలగించినట్టు మబ్బు విడిపోయింది. కింద భండార్‌దరా జలాశయం, 1926లో పూర్తయిన విల్సన్ డ్యామ్ ఆపిన ప్రవరా నది నీళ్లు. పడమర వైపు అలంగ్, మదన్, కులంగ్ కోటల కొండలు. ఫోన్లు తీసేలోపే మళ్లీ మూసుకుంది. మరాఠీవాడికి ఒక్క ఫొటో దొరికింది, అందులోనూ సగం వాడి బొటనవేలే.

దిగేముందు కుక్కరు సంగతి మళ్లీ లేచింది. "మేమూ కల్సూబాయి భక్తులమే, గిన్నెలు ముట్టం" అని నలుగురం ఒక్క మాట మీద నిలబడ్డాం. చివరికి కిందికి ఆఖరున చేరినవాడే తోమాలని తీర్పు. నా మోకాళ్ల పరిస్థితికి నేనే అనుకున్నా. కానీ మా మంత్రి నిచ్చెన దగ్గర చెప్పు తెగి, దాన్ని తాడుతో కట్టుకుంటూ మా వెనక చాలాసేపటికి కుంటుకుంటూ వచ్చాడు. కొత్త చెప్పులు కొందాంరా అంటే బడ్జెట్‌లో లేదన్నాడు.

కుక్కరు మాత్రం మాట మీద నిలబడి తళతళలాడేలా తోమాడు. సబ్బు, పీచు ఖర్చు ఉమ్మడి ఖాతాలో రాసుకున్నాడు.