మాత్రలూ, మొక్కూ

నాకు క్షయ అని తేలిన రోజు సాయంత్రమే మా ఇంట్లో రెండు పనులు మొదలయ్యాయి. ఆస్పత్రిలో ఇచ్చిన మాత్రల అట్టల్ని మా ఆయన దేవుడి గూటి కింది అరలో సర్దారు. మా అమ్మ పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల మూటగట్టి, అరసవల్లి సూర్యనారాయణ స్వామిని తలుచుకుని, ఆ ముడుపును కూడా అదే అరలో పెట్టింది. సైన్సూ దేవుడి మీద నమ్మకమూ ఒకచోట ఇమడగలవా అని ఎవరైనా చర్చ మొదలుపెడితే నాకు ముందు ఆ అరే గుర్తొస్తుంది.

నేను శ్రీకాకుళం దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్తాను. సూర్యుడిలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియంగా మారుతుంటాయనీ, ఆ వెలుగు 15 కోట్ల కిలోమీటర్లు దాటి మనల్ని చేరడానికి 8 నిమిషాలు దాటుతుందనీ బోర్డు మీద రాస్తాను. హీలియం జాడ మొదట దొరికింది కూడా 1868లో, సూర్యకాంతిలోనే. ఆ ఏడు ఆగస్టు 18న పట్టిన గ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరు నుంచే పరిశీలించాడని చెప్తే పిల్లల కళ్లు మెరుస్తాయి. ఆదివారం అరసవల్లి వెళ్లి ఆ సూర్యుడికే దండం పెట్టుకుంటాను. "టీచర్, రెండిట్లో ఏది నిజం?" అని ఏటేటా ఎవరో ఒకరు అడుగుతారు. సైన్సు ఎలా జరుగుతుందో చెప్తుంది, మతం ఎందుకు బతకాలో చెప్తుంది, ఎవరి హద్దు వారిది అని జవాబు చెప్పేదాన్ని. అమెరికా జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ కూడా 1997లో ఇంచుమించు ఈ మాటే రాశాడు. ఒంట్లో బాగున్నన్నాళ్లూ ఆ జవాబుతో ఏ ఇబ్బందీ రాలేదు. జబ్బు మనిషి ఉన్న ఇంట్లో ఆ హద్దు ఎక్కడ గీయాలి? ఆదివారం ఉపవాసం ఉండాలా వద్దా అన్నది పూజారిని అడగాలా, డాక్టరునా?

దగ్గు సంక్రాంతి వెళ్లాక పట్టుకుంది. పొద్దు వాలేసరికి ఒళ్లు వెచ్చబడేది. రాత్రి చెమటకు తలగడ తడిసేది. జాకెట్లు వదులైపోయాయి. దగ్గు మందులతో కొన్నాళ్లు గడిచాక పెద్దాసుపత్రికి వెళ్తే ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన తెల్లటి మచ్చ, దాని మధ్య గుల్ల కనబడ్డాయి. కళ్లెను ట్రూనాట్ యంత్రంలో పరీక్షించారు. మన దేశంలోనే తయారైన ఆ చిన్న యంత్రం క్షయ బ్యాక్టీరియా డీఎన్‌ఏను వెతికి పట్టుకుంటుంది, అది రిఫాంపిసిన్ మందుకు లొంగే రకమో కాదో కూడా చెప్తుంది. నాది లొంగే రకం.

మాత్రల కన్నా ముందు నన్ను కుంగదీసింది మనుషుల మాట. చుట్టాల్లో ఒకావిడ గుమ్మం దగ్గరే నిలబడి, "ఏ జన్మలో ఏటి పాపం సేసినాదో" అని మా అమ్మతో అంది. కంచం, గ్లాసు వేరు పెట్టమని మరొకరి సలహా. పాపం అన్న మాట విన్న రాత్రి నేను నిద్రపోలేదు. దేవుడి పేరు మీద వచ్చిన మాట కాబట్టి దేవుడి దగ్గర కూడా ఊరట దొరకలేదు.

ఆ ఊరట డాక్టరమ్మ దగ్గర దొరికింది. నా ఎక్స్‌రేను వెలుగుకెత్తి చూపిస్తూ చెప్పారావిడ: "ఎవరో దగ్గారు, గాలిలో వచ్చింది, మీరు పీల్చారు. మన దేశంలో ఎందరి ఒంట్లోనో ఇది నిద్రపోతూ ఉంటుంది. కొందరిలో లేస్తుంది. మీరేం తప్పు చేయలేదమ్మా." కంచాల వల్ల అంటుకోదని, మందు మొదలెట్టిన కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గుతుందని, మా ఆయనకీ పాపకీ కూడా పరీక్ష చేసి నివారణ మందు ఇస్తారని చెప్పారు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ ఈ బ్యాక్టీరియాను కనుగొన్నానని ప్రకటించాడని నేను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. పరీక్షల్లో మార్కులొచ్చే తేదీ అది. ఆ ప్రకటన రోగి మీద మోపిన నిందను కూడా దించిందని ఆ కుర్చీలో కూర్చున్నాకే నాకు ఒంటికి పట్టింది. క్షమించడం, ఓదార్చడం దేవుడి పనులని అనుకుంటాం కదా, నా విషయంలో ఆ పని సూక్ష్మదర్శిని చేసింది.

నన్ను ఇంట్లోనే ఉంచుకోవచ్చన్న భరోసా వెనకాల కూడా ఒక కథ ఉంది. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. పేద క్షయ రోగుల్లో కొందరిని శానిటోరియంలో, అంటే క్షయ రోగుల్ని నెలల తరబడి ఉంచే ఆస్పత్రిలో, ఉంచారు, కొందరిని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి మందులిచ్చారు. మంచి తిండి, విశ్రాంతి, గాలి ఉన్న శానిటోరియం వాళ్లకే బాగా నయమవుతుందని చాలామంది అనుకున్నారు. 1959లో ఫలితాలు వచ్చాయి: ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అంతే నయమైంది, వాళ్ల ఇంటివాళ్లకు జబ్బు ఎక్కువగా అంటుకోలేదు. లోకమంతా శానిటోరియాలు ఖాళీ అవడానికి ఆ ఫలితాలు ఒక ముఖ్య కారణం. పేర్లు తెలియని ఆ మద్రాసు రోగులకు నేను ఇప్పటికీ రోజూ దండం పెట్టుకుంటాను. దాన్ని భక్తి అనే అంటాను.

మందుల సంగతి క్లుప్తంగా చెప్తాను. మొదటి రెండు నెలలు నాలుగు మందులు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఎథాంబుటాల్. తరవాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది రిఫాంపిసిన్ రంగు, భయం లేదు. నాకు మోకాళ్లు పట్టేశాయి, పొద్దున్నే వాంతి తిప్పేది. మా పక్క వీధిలోని ఆరోగ్య కార్యకర్త మొదట్లో తన ముందరే మింగించేది. మెడలో సిలువ వేసుకునే ఆ అమ్మాయి నా కోసం తన చర్చిలో ప్రార్థన చేయించానని ఒకసారి చెప్పింది, చెప్తూనే మాత్రల అట్టలో ఖాళీలు లెక్కపెట్టింది. స్టెతస్కోప్ కనిపెట్టిన లెనెక్ కూడా గొప్ప దైవభక్తుడే. 1816లో కాగితాన్ని గొట్టంలా చుట్టి గుండె చప్పుడు విన్న ఆ ఫ్రెంచి వైద్యుడు పదేళ్లకు, 45వ ఏట, క్షయతోనే చనిపోయాడు. అతని భక్తికీ లోటు లేదు, తెలివికీ లోటు లేదు, మందే లేదు.

రెండో నెల చివరికొచ్చేసరికి జ్వరం పోయింది. ఆకలి వచ్చింది. గాజులు మళ్లీ చేతికి బిగిశాయి. అమ్మ ముఖం వెలిగిపోయింది. "సామి సూసినాడే అమ్మా. ఇంక ఆ యేడి మాత్రలు మానీ, కడుపు పాడైపోతంది" అంది. వేసవి సెలవులకు వచ్చిన మా బంధువుల కుర్రాడు, వైద్యం చదువుతున్నవాడు, అక్కడే ఉన్నాడు. "దేవుడే చూసేవాడైతే ఈ జబ్బెందుకు తెచ్చాడు అమ్మమ్మా?" అని నవ్వాడు. అమ్మ తల దించుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకు వాడి మీద కోపం వచ్చింది. మాత్రలు ఎందుకు ఆపకూడదో వాడికి బాగా తెలుసు, అది చెప్పలేదు. ఒక ముసలి మనసును చిన్నబుచ్చినంత మాత్రాన నా ఊపిరితిత్తుల్లో ఒక్క క్రిమి కూడా చావదు.

ఆ రాత్రి నేను అమ్మ పక్కన కూర్చున్నాను. క్షయ క్రిమి చాలా నిదానం, మామూలు బ్యాక్టీరియా అరగంటలో రెండయితే ఇది రెండవడానికి సుమారు 20 గంటలు తీసుకుంటుంది, దాని ఒంటి చుట్టూ మైనం లాంటి పొర ఉంటుంది అని చెప్పాను. చురుగ్గా పెరిగేవి మొదటి వారాల్లోనే చస్తాయి, అందుకే జ్వరం పోతుంది. కదలకుండా నక్కినవి మిగులుతాయి, ఇప్పుడు ఆపితే అవే మళ్లీ లేస్తాయి, మందుకు లొంగని రకంగా కూడా లేవచ్చు అని చెప్పాను. అమ్మ వింది గానీ ఎక్కలేదు. అప్పుడడిగాను: "తమ్ముడు అయ్యప్ప మాలేసుకున్నాడు కదమ్మా. మనసు కుదుటపడిందని మధ్యలో తీసేస్తానంటే ఊరుకుంటావా?" అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "అలగైతే దీచ్చ అనుకో. గడువు అయ్యేదాకా నానే ఇస్తాను" అంది.

అప్పటి నుంచి చివరి రోజు దాకా పొద్దున్నే దీపం పెట్టి, అదే చేత్తో మాత్రలు అందించేది. ఒక్క పూట తప్పలేదు. బాగయ్యాక కూడా మింగించడమన్నది ఈ జబ్బులో డాక్టర్లకు చాలా కష్టమైన పని. ఆ పనిని మా ఇంట్లో నమ్మకం చేసింది. ఓదార్పు సైన్సు నుంచి, క్రమశిక్షణ భక్తి నుంచి వచ్చాయి. గూల్డ్ గీసిన హద్దులో ఈ రెండూ తారుమారుగా ఉండాలి. అందుకే ఎవరి హద్దు వారిదన్న జవాబు నేనిప్పుడు పిల్లలకు చెప్పడం లేదు. ఒకదాని పని ఇంకొకటి చేయగలిగేంత దగ్గరగా అవి బతకగలవు, అయితే ఊపిరితిత్తిలో ఏముందన్న ప్రశ్న వచ్చినప్పుడు ఎక్స్‌రే మాటే వినాలి. అంతవరకు ఒప్పుకోని నమ్మకంతో నాకు పొత్తు కుదరదు.

ఉపవాసం సంగతి కూడా అలాగే తేలింది. నేను ఆదివారాలు ఉప్పు లేకుండా ఒక్కపొద్దు ఉంటానని అమ్మ మొక్కుకుంది. మందుతో పాటు క్షయ రోగి బరువు పెరగడం కూడా చాలా అవసరం. జార్ఖండ్‌లో జరిపి 2023లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మొదటి నెలల్లో బరువు పుంజుకున్నవాళ్లలో మరణాలు తక్కువగా కనిపించాయి. అమ్మను వెంటబెట్టుకుని వెళ్లి గుడిలో ఒక పెద్దాయన్ని అడిగాను. "రోగికి, బాలింతకి, పసిపిల్లలకి ఉపవాసం చెప్పలేదమ్మా, ఆ నియమం మీరు పాటించండి" అన్నారాయన అమ్మతో. అమ్మ ఒక్కపొద్దు ఉంది. నేను ఆదివారం పప్పు, పాలు, వేరుశనగలు, మిగతా రోజుల్లో గుడ్లు.

"ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్, ఆరోగ్యాన్ని సూర్యుడి నుంచి కోరుకోవాలి అన్నారు, మనవాళ్లకు అన్నీ ముందే తెలుసు" అని ఒక సహోద్యోగి అన్నారు. ఎండకు క్షయ క్రిమి చస్తుందన్నది నిజం. చర్మానికి వచ్చే క్షయకు కాంతి చికిత్స చేసినందుకు డెన్మార్క్ వైద్యుడు ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ వచ్చింది, ఆ రోజుల్లోనే స్విట్జర్లాండ్ కొండల్లో రోగుల్ని ఎండలో పడుకోబెట్టేవారు. అయినా అక్కడ ఎందరో చనిపోయారు. 1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాకే ఊపిరితిత్తుల క్షయ కుదరడం మొదలైంది. శ్లోకాన్ని లాక్కొచ్చి ప్రయోగశాల రిపోర్టులా చూపిస్తే రెండిటికీ అన్యాయమే. నేను స్వామిని అడిగింది అతినీలలోహిత కిరణాలను కాదు, ఓర్చుకునే శక్తిని.

చివరి కళ్లె పరీక్షలో క్రిమి లేదని వచ్చాక, అక్టోబరు మొదట్లో ముడుపు చెల్లించాం. ఏటా ఆ రోజుల్లోనూ, మార్చి రెండో వారంలోనూ ఉదయపు కిరణాలు గర్భగుడి దాకా వెళ్లి స్వామి పాదాలను తాకుతాయి. ఈ రెండు తేదీలూ సూర్యుడు బాగా దక్షిణానికి జరిగే డిసెంబరు 21 ప్రాంతానికి అటూ ఇటూ ఇంచుమించు సమదూరంలో ఉంటాయి కాబట్టి సూర్యుడు ఆ రెండుసార్లూ నిక్కమైన తూర్పుకు కాస్త దక్షిణంగా, ఒకే చోట ఉదయిస్తాడు. క్యూలో నిలబడి ఇది అమ్మకు చెప్పాను. "అంత లెక్క కట్టి గుడి కట్టినోలికి ఎంత బక్తి ఉండాలి!" అంది అమ్మ.

ఈ మధ్య మా స్కూలు పిల్లొకతె తల్లి వచ్చింది. పిల్లకు మానని దగ్గు. ఏ దేవుడికి మొక్కుకోమంటారని అడిగింది. నచ్చిన దేవుడికి మొక్కుకోమన్నాను, రేపు పొద్దున్నే కళ్లె పరీక్షకు రమ్మన్నాను, నేనే తోడు వెళ్లాను. క్షయే. పిల్ల ఇప్పుడు మాత్రల మీద ఉంది, ప్రభుత్వం ఇచ్చే పోషణ డబ్బు వాళ్లమ్మ ఖాతాలో పడుతోంది. వాళ్ల మొక్కు కోటదుర్గమ్మకు. జ్వరం తగ్గగానే పాలకొండ వెళ్లొస్తామన్నారు. వెళ్లండి, మాత్రల అట్ట సంచిలో పెట్టుకుని వెళ్లండి అన్నాను.