కందిచేను పాట

నాహర్‌లగున్ స్టేషన్ బయట సుమోలో సీటుకి తొమ్మిదొందలు అడిగారు. అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో అక్కడి నుంచి అటూ ఇటుగా వంద కిలోమీటర్లు, ఆ డబ్బుతో నేను హైదరాబాద్ నుంచి ఖమ్మం ఏసీ బస్సులో పోవచ్చు. మామూలు రోజుల్లో ఇంత ఉండదంట, మ్యూజిక్ ఫెస్టివల్ జరిగే వారం మాత్రం ఎవరెంత చెప్తే అంత. గౌహతిలో రాత్రి ఎక్కిన దోన్యీ పోలో ఎక్స్‌ప్రెస్‌లో సరిగ్గా నిద్ర లేదు, దిగగానే ఆ రాష్ట్రంలోకి రావడానికి ఉండాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ చూపించడానికి లైన్లో నిలబడాలి, పైన వాన. బేరమాడే ఓపిక లేక ఇచ్చేశాను, ఇచ్చాక ఇంకా మండింది.

జీరో ఫెస్టివల్‌కి వెళ్ళాలని నాకు పదేళ్ళ నుంచి కోరిక. 2012లో బాబీ హానో అని అరుణాచల్ అతను, మెన్‌వోపాజ్ అనే ఢిల్లీ బ్యాండ్‌లో గిటార్ వాయించే అనూప్ కుట్టీ కలిసి మొదలుపెట్టారు. అపతానీ తెగ వాళ్ళ లోయ, చుట్టూ వరి పొలాలు, వెదురుతో కట్టిన స్టేజీలు, ఎవరి పాటలు వాళ్ళు రాసుకుని పాడుకునే బ్యాండ్లు. ప్రతి సెప్టెంబర్‌లో ఫొటోలు చూసి వచ్చే ఏడాది, వచ్చే ఏడాది అనుకోవడమే. ఈసారి టికెట్ బుక్ చేశానని చెప్తే అమ్మ "పాటలు వినడానికి అంత దూరం ఒక్కదానివే పోతావా, ఇక్కడ పాటలే లేవా" అంది. ఆ మాట దారంతా నాతోనే వచ్చింది.

సుమోలో ముందు ఇద్దరు, మధ్యలో నలుగురు, వెనక నలుగురు. మధ్య వరసలో నాకు ఒకవైపు షిల్లాంగ్ అమ్మాయి, ఇంకోవైపు నల్ల టీషర్టు వేసుకున్న నలభై దాటిన మనిషి, ఆయన పక్కన కిటికీ దగ్గర కోల్‌కతా నుంచి వచ్చిన పెద్దాయన, అరవై పైనే ఉంటాయి. హోజ్ దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. హోజ్–పోతిన్ రోడ్డు గురించి వెళ్ళొచ్చినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, నడుము విరుగుతుంది. పోతిన్ దాటాక ఇంక బాగుంటుందిలే అనుకునేలోపు ముందు వరసగా బళ్ళు ఆగిపోయి ఉన్నాయి. కొండచరియ విరిగి ఎర్రమట్టి రోడ్డు మీదకి వచ్చేసింది. జేసీబీ యాజలి వైపు నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. మా డ్రైవర్ నిషి తెగ కుర్రాడు, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో, ఇంజన్ ఆపేసి, ఛార్జింగ్ అయిపోతుందని ఫోన్లో పాటలు కూడా ఆపేసి, తల వెనక్కి వాల్చి పడుకున్నాడు.

మూడున్నర గంటలు. మా శ్రీశైలం ఘాట్‌లో ఇలా ఆగితే ఈపాటికి సగం మంది దిగి అరుస్తూ ఉండేవాళ్ళు, ఇక్కడ ఎవరూ హారన్ కూడా కొట్టలేదు. కిందెక్కడో నీళ్ళ చప్పుడు, పైన రేకు మీద వాన చప్పుడు. వాన కొంచెం తగ్గినప్పుడు దిగి వెనక్కి నడిస్తే ఒక గుడిసె దగ్గర పాలు లేని ఎర్ర టీ, మ్యాగీ దొరికాయి. మ్యాగీ ప్లేటు ఎనభై. అది కూడా తిన్నాం, ఆ చలికి ఎనభై కాదు వంద అన్నా తినేవాళ్ళమే.

మాటలు ఎలా మొదలయ్యాయంటే, ఆ నల్ల టీషర్టు మీద మలయాళం అక్షరాలున్నాయి, ఏంటవి అని అడిగాను. "అవియల్" అన్నాడు. కూర పేరా అంటే, కూర పేరే కానీ మా కేరళ బ్యాండ్ పేరు కూడా అన్నాడు. ఆయనది కొట్టాయం, అప్పటికే నేను చేట్టా, అంటే వాళ్ళ భాషలో అన్నా, అని పిలవడం మొదలుపెట్టాను. తను కాలేజీలో ఉన్నప్పుడు కేరళలో రాక్ బ్యాండ్ అంటే ఇంగ్లీషులోనే పాడాలంట, మలయాళంలో గిటార్ మీద గట్టిగా పాడితే నవ్వుతారని భయం. 2003లో అవియల్ వాళ్ళు మొదటి పాట చేశారు, ఆల్బమ్ రావడానికి 2008 అయింది, ఆ అయిదేళ్ళూ తను ఎదురుచూశాడంట. ఆల్బమ్ కొన్న రోజు హాస్టల్ గదిలో ఎనిమిది మంది కూర్చుని తలుపేసుకుని మొదటి నుంచి చివరి దాకా మాట్లాడకుండా విన్నారంట. "మా అమ్మమ్మ మాట్లాడే భాష అంత గట్టిగా స్పీకర్లోంచి వస్తుంటే నాకు ఏడుపొచ్చింది" అన్నాడు. సుమోలో అందరం ఆయన వైపే చూస్తున్నాం, ఆయన మాత్రం తన చేతుల వైపు చూసుకుంటున్నాడు.

అక్కడి నుంచి ఇంక ఆగలేదు. కోల్‌కతా దాదా మోహీనేర్ ఘోడాగులి గురించి చెప్పాడు. 70ల్లో గౌతమ్ చటోపాధ్యాయ మొదలుపెట్టిన బ్యాండ్, పేరు బెంగాలీ కవి జీవనానంద దాస్ పద్యంలోంచి తీసుకున్నారు, ఆ అయిదారేళ్ళలో మూడు రికార్డులొచ్చాయి, అప్పట్లో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. దాదా స్కూల్లో ఉండగా వాళ్ళ పక్కింటి అబ్బాయి ఒక రికార్డు కొంటే వీధిలో అందరూ తిట్టారంట, ఇదేం పాట, బెంగాలీలో ఇలా పాడతారా అని. ఇరవై ఏళ్ళ తర్వాత పిల్లలు అవే పాటలు గిటార్ పట్టుకుని ప్రతి కాలేజీ మెట్ల మీదా పాడటం మొదలుపెట్టారు. 1999లో గౌతమ్ చనిపోయాడు. 2006లో గ్యాంగ్‌స్టర్ సినిమాలో హిందీ పాటగా ఊరంతా మోగిన ట్యూన్ ఆ మనుషులదే అని వెనక సీట్లో పిల్లలకి తెలీదు, దాదా పాడి చూపిస్తే ఒకడు "అరే ఇది నాకు తెలుసు" అని సీట్లోంచి లేచి తల కొట్టుకున్నాడు.

షిల్లాంగ్ అమ్మాయి నన్ను కాంగ్ అని పిలిచింది, వాళ్ళలో అక్క అని. వాళ్ళింట్లో సోల్‌మేట్ అంటే దేవుడితో సమానం. రూడీ వాలాంగ్ గిటార్, తిప్రితి గొంతు, 2003లో మొదలైన బ్లూస్ బ్యాండ్. ఈ పిల్ల పుట్టింది కూడా అదే ఏడాదంట. వాళ్ళూళ్ళో లూ మాజా అనే ఆయన 1972 నుంచి ప్రతి మే 24న బాబ్ డిలన్ పుట్టినరోజు పాటలతో జరుపుతాడు కదా, చిన్నప్పుడు వాళ్ళ నాన్న భుజాల మీద ఎక్కి అది చూసిందంట, నిక్కరు వేసుకున్న ఆ తెల్లజుట్టు తాత తమ బంధువే అనుకునేదంట చాలా రోజులు.

అప్పుడు దాదా నా వైపు తిరిగి, మరి మీ తెలుగులో ఏ బ్యాండ్ అన్నాడు.

నాకు వెంటనే నోరు రాలేదు. ఖమ్మంలో నా చిన్నప్పుడు గిటార్ అంటే వినాయకచవితి పందిట్లో ఆర్కెస్ట్రా పార్టీ, వాళ్ళు పాడేది సినిమా పాటలే. సినిమా మన దగ్గర అంత పెద్ద చెట్టు, కింద ఇంకేదీ ఎండ తగిలి పెరగదు అనిపిస్తుంది నాకు. చౌరస్తా గుర్తొచ్చింది, హైదరాబాద్‌లో రామ్ మిరియాల వాళ్ళు పెట్టిన బ్యాండ్, పల్లెపదానికి రెగే బీట్ కలిపి తెలుగులో పాడితే ఎంత హాయిగా ఉంటుందో మొదటిసారి వాళ్ళ దగ్గరే విన్నాను. రెండు లైన్లు పాడాను కూడా. తర్వాత 2021లో జాతిరత్నాలు పాటతో ఆయన గొంతు ఇంటింటికీ చేరింది. దానికి నాకు నిజంగా సంతోషం, కానీ సినిమా మెట్టు ఎక్కకుండా ఆ గొంతు మా అమ్మ దాకా వచ్చేది కాదు కదా అని బాధ కూడా. ఇంకోటి కూడా చెప్పాను వాళ్ళకి, బ్యాండ్ అనే పేరు పెట్టుకోలేదు కానీ గద్దర్, గోరటి వెంకన్న సొంతంగా కట్టుకుని పాడినవాళ్ళే కదా, ఏ కంపెనీ అడిగిందని పాడారు? మా ఊళ్ళో గొంగడి, డప్పు ఉన్నచోట గిటార్ లేని లోటు ఎవరికీ తెలీలేదు. దాదా తల ఊపాడు, మాకు ఊరూరా పాడుకుంటూ తిరిగే బావుల్‌లు అలాగే అన్నాడు. అమ్మకి ఇంట్లో ఇవ్వలేకపోయిన జవాబు సుమోలో దొరికినట్టయింది.

కానీ నా బ్యాండ్ తెలుగు బ్యాండ్ కాదు, ఇండియన్ ఓషన్. 2001 ఎండాకాలం సెలవులకి ఢిల్లీలో చదువుకునే అన్నయ్య వాళ్ళ కందీశా క్యాసెట్ తెచ్చాడు. నేను తొమ్మిదో తరగతి. అందులో కందీశా అనే పాట భాష ఏదో మాకెవరికీ తెలీదు, అన్నయ్యకీ తెలీదు, "కందీశా" అని వాళ్ళు సాగదీసి పాడితే నాన్నకి "కందిచేనా" అని వినపడేది. మాకు అప్పుడు నిజంగానే రెండెకరాల కంది ఉండేది. పొద్దున్నే చేనుకి పోతూ ఆ కందిచేను పాట పెట్టమ్మా అనేవాడు, గడప దగ్గర చెప్పులేసుకుని పాట అయ్యేదాకా నిలబడి అప్పుడు వెళ్ళేవాడు. ఆ బ్యాండ్‌లో తబలా వాయిస్తూ పాడే అషీమ్ చక్రవర్తిని ఒక్కసారి ఎదురుగా చూడాలని నాకు ఎంత ఉండేదో. చూడలేదు. 2009 డిసెంబర్ 25న ఆయన పోయాడు. తర్వాత హైదరాబాద్‌లో ఆ బ్యాండ్‌ని చూశాను, బాగా పాడారు, చాలా బాగా పాడారు, కానీ ఆయన ఒక్కడే కూర్చునే చోట తబలాకి ఒకరు, గొంతుకి ఒకరు, ఇద్దరున్నారు. నాకు ఆ ఇద్దరి మధ్యలో ఉన్న ఖాళీ మీదకే చూపు పోయింది.

ఇదంతా చెప్తుంటే చేట్టన్ కదలకుండా విన్నాడు. అయిపోయాక, అది మా చర్చి పాట తెలుసా అన్నాడు. తెలుసు, అరమాయిక్ భాష అని, కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన అని ఆ తర్వాత ఎప్పుడో చదివాను. చదవడం వేరు. ఆయన కళ్ళు మూసుకుని, మెల్లగా, ఏ వాయిద్యం లేకుండా, వాళ్ళ ఊరి చర్చిలో చిన్నప్పుడు నేర్చుకున్నట్టుగా పాడాడు. కందీశా ఆలాహా. నేను ఇరవై మూడేళ్ళుగా విన్న పాట అదే, కానీ గిటార్లు, డ్రమ్స్ అన్నీ తీసేస్తే లోపల ఇంత చిన్నగా, ఇంత పాతగా ఉందని నాకు తెలీదు. డ్రైవర్ కుర్రాడు లేచి వెనక్కి తిరిగి కూర్చున్నాడు. అయ్యాక మాట మాటకీ అర్థం చెప్పాడు. పవిత్రుడైన దేవా, బలవంతుడా, మరణం లేనివాడా. ఆ చివరి మాట దగ్గర నేను కిటికీ వైపు తిరిగాను, అటువైపు షిల్లాంగ్ పిల్ల ఉంది, ఏమీ అడగకుండా నా చెయ్యి పట్టుకుంది.

మీరు హైదరాబాద్‌కి వెళ్ళాక మా ఊరి చర్చి రికార్డింగ్ పంపుతా, నంబర్ ఇవ్వండి అన్నాడు చేట్టన్. ఇచ్చాను. జేసీబీ వచ్చింది, మట్టి తీశారు, చీకటి పడ్డాక జీరోలోని హపోలీలో దిగాం.

నాలుగు రోజుల ఫెస్టివల్ గురించి ఏం చెప్పను, చూసినవాళ్ళకి తెలుసు. పగలు దాన్యీ స్టేజ్, రాత్రి పీలో స్టేజ్, అపతానీ భాషలో సూర్యుడు, చంద్రుడు. బురద మోకాలి దాకా, హపోలీ బజార్లో గమ్‌బూట్లు కొన్నాను, టెంట్‌కి తీసుకున్న డబ్బుకి కనీసం నీళ్ళు కారకుండా ఉండాల్సింది, కారాయి. రెండో రాత్రి నుంచి ఒక అపతానీ ఇంట్లో ఉన్నాను. ఆ ఇంటి అవ్వకి ముక్కు రెండువైపులా నల్లటి బిళ్ళలు, ముఖం మీద పచ్చబొట్టు, ఆమె తరంతోనే ఆఖరు, తర్వాతి ఆడపిల్లలు వేయించుకోలేదు. పొద్దున్నే పొలానికి తీసుకెళ్ళి వరి మధ్య నీళ్ళలో పెంచే చేపలు చూపించింది. కోతకి వచ్చిన వరి వాసన ఎక్కడైనా ఒకటే, మా పాలేరు ఆయకట్టు కింద నవంబర్‌లో వచ్చే వాసన అది. పాటలు బోలెడు విన్నాను, కొన్ని చాలా నచ్చాయి. కానీ స్టేజీ ముందు నిలబడి కూడా నాలుగైదుసార్లు జనంలో ఆ సుమో వాళ్ళ కోసం వెతుక్కున్నాను. దాదా ఒక్కసారి కనిపించాడు, గొడుగు కింద, వెనక పిల్లలు ఇద్దరు ఇప్పుడు ఆయన వెంటే తిరుగుతున్నారు.

దసరాకి ఖమ్మం వెళ్ళినప్పుడు రికార్డింగ్ వచ్చింది, రెండు నిమిషాలు కూడా లేదు. ఫ్యాన్ చప్పుడు, ఎవరో చంటిపిల్ల ఏడుపు, ఆడవాళ్ళ గొంతులు ముందు, మగవాళ్ళు వెనక. డల్లాస్‌లో ఉన్న అన్నయ్యకి పంపాను, తర్వాత వరండాలో నాన్న పక్కన కూర్చుని ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టాను. నాన్నకి ఇప్పుడు ఎనభై దగ్గరపడుతున్నాయి, చేను కౌలుకి ఇచ్చేశాం. ఏ పాటో చెప్పలేదు. మొత్తం విన్నాడు.

"మన కందిచేను పాటే కదమ్మా, నెమ్మదిగా పాడారు. మళ్ళీ పెట్టు" అన్నాడు.