కుట్టుకు ముందు జరిగే పని

భుజం కీలులో బంతిలాంటి చేతి ఎముక తల పెద్దది, అది కూర్చునే గిన్నె చిన్నది, లోతు కూడా తక్కువ. అందుకే ఆ కీలును నిలబెట్టే భారమంతా ఎముకల కంటే చుట్టూ ఉన్న లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టే పట్టీలు), గిన్నె చుట్టూ ఉండే లాబ్రం అనే మెత్తని అంచు, కండరాల మీదే ఎక్కువగా పడుతుంది. భుజం ముందుకు జారినప్పుడు బంతినీ గిన్నెనూ కలిపే కింది గ్లీనోహ్యూమరల్ లిగమెంటు లాబ్రంతో సహా గిన్నె అంచు నుంచి ఊడిపోవడాన్ని, 1923లో దాన్ని వివరించిన బ్రిటిష్ సర్జన్ పేరిట బ్యాంకార్ట్ గాయం అంటారు.

చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి చేసే ఆర్థ్రోస్కోపీ ద్వారా, ఊడినదాన్ని తిరిగి ఎముక అంచుకు కుట్టే మరమ్మతులో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది కుట్టుకు ముందు జరిగే పని. ఊడిన కణజాలం చాలాసార్లు గిన్నె మెడ (అంచుకు వెనకున్న ఎముక భాగం) మీదకు జారి అక్కడే అతుక్కుపోయి ఉంటుంది. దాన్ని ఓపికగా విడదీసి, వెనకున్న సబ్‌స్కాపులారిస్ కండరపు నారలు కనిపించేదాకా వదులు చేసి, ఎముక అంచును రక్తం ఊరేలా కొద్దిగా గీకిన తరువాతే, కుట్టుదారాన్ని ఎముకలో పట్టి ఉంచే యాంకర్లు దించాలి. ఈ తొందర పనికిరాని ఘట్టంలోనే, కీలును చుట్టి ఉండే తిత్తికి దిగువన అతి దగ్గరగా సాగే యాక్సిలరీ నరాన్ని కూడా కాపాడుకోవాలి. గిన్నె ఎముక బాగా అరిగిపోయి ఉంటే మాత్రం ఈ కుట్టు ఒక్కటే చాలదు.

కోయకుండా వదిలేయవలసిన లిగమెంటు మరొకటి ఉంది. భుజానికి పైకప్పులాంటి అక్రోమియన్ ఎముక అడుగుభాగాన్ని చెక్కేటప్పుడు, దానికీ ముందున్న కొరాకాయిడ్ అనే ఎముక కొసకూ మధ్య సాగే కొరాకోఅక్రోమియల్ లిగమెంటును కోసేయడం ఒకప్పుడు మామూలే. అయితే బంతిని చుట్టి పట్టే కండరాల గుంపైన రొటేటర్ కఫ్ బాగుచేయలేనంతగా చిరిగిన భుజంలో, బంతి ముందుకూ పైకీ ఎగబాకకుండా ఆపడానికి మిగిలిన అడ్డు అదే కనుక, అక్కడ దాన్ని ముట్టుకోకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం.