ఆ గడి నింపింది నేనే

రాత్రి పన్నెండున్నర. అంట్లు తోమేశాను, పాలు తోడు పెట్టాను, అయినా నిద్ర రావడం లేదు. ఇవాళ భోజనాల దగ్గర అన్నయ్యగారన్న మాటే చెవుల్లో తిరుగుతోంది. "రిపబ్లికన్లు ఇక్కడ రిజర్వేషన్లు ఎత్తేశారమ్మా, ఇక మన పిల్లలకి తిరుగు లేదు." అందరూ తలలూపారు. నేను పప్పు వడ్డిస్తూ ఊరుకున్నాను. ఊరుకున్నందుకే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

అసలు ఇక్కడ అమెరికాలో ఉండేది మన దగ్గరిలాంటి రిజర్వేషనే కాదు. ఇన్ని సీట్లు వీళ్ళకని పక్కన పెట్టడం కుదరదని సుప్రీంకోర్టు 1978లోనే బకీ కేసులో చెప్పేసింది. కాలేజీలు సీటిచ్చేటప్పుడు చూసే పది విషయాల్లో జాతి కూడా ఒకటిగా ఉండొచ్చన్నారు, అంతే. 2023 జూన్‌లో హార్వర్డ్ కేసులో దాన్నీ కొట్టేశారు. పైగా మనం ఉంటున్నది కాలిఫోర్నియాలో. ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలు జాతి చూడకూడదని 1996లోనే జనం ప్రాపొజిషన్ 209కి ఓటేశారు. అన్నయ్యగారి పెద్దబ్బాయి చదివింది బర్క్‌లీలో. వాడు అప్లై చేసేనాటికే అక్కడ అది లేదు. మరి ఇన్నాళ్ళూ వాళ్ళకి అన్యాయం చేసిందెవరు?

పార్టీల సంగతి కూడా ఆయన చెప్పినంత తేలిక కాదు. ప్రభుత్వ కాంట్రాక్టర్లు అఫర్మేటివ్ యాక్షన్, అంటే వివక్షకి గురైనవాళ్ళకి అవకాశాలిచ్చే ప్రయత్నం, పాటించాలని 1965లో ఉత్తర్వు ఇచ్చింది డెమోక్రాట్ జాన్సన్, నిజమే. కానీ 1969లో ఫిలడెల్ఫియా ప్లాన్ అని, కట్టుబడి పనుల్లో నల్లవాళ్ళని చేర్చుకోవడానికి లక్ష్యాలు పెట్టించింది రిపబ్లికన్ నిక్సన్. 2014లో 209ని మార్చే సవరణ ఇక్కడి రాష్ట్ర సెనేట్ దాటింది. ఆసియా కుటుంబాలు గొడవ చేసేసరికి, దానికి ఓటేసిన డెమోక్రాట్ సెనేటర్లే ముగ్గురు ఆపమన్నారు. అది అక్కడితో ఆగిపోయింది.

ఇవన్నీ ఆయనకి చెప్పాల్సింది అనుకుంటూ టైప్ చేయడం మొదలుపెట్టాను. ఇక్కడిదాకా వచ్చాక, ఆయన మాటలో తప్పెంత అనిపిస్తోంది. 2023 తీర్పు ఇచ్చిన ఆరుగురు జడ్జీలనీ వేసింది రిపబ్లికన్ ప్రెసిడెంట్లే. జాన్సన్ ఉత్తర్వుని 2025 జనవరిలో ట్రంప్ రద్దు చేశారు. ఇవాళ రెండు పార్టీలూ చెరో ఒడ్డున ఉన్నాయి. అన్నయ్యగారు ఏ ఒడ్డున ఉన్నారో అందరికీ తెలుసు. ఆయన ఎన్నడూ దాచలేదు.

దాచింది నేను. 2020 నవంబర్‌లో 209ని తీసేద్దామని ప్రాపొజిషన్ 16 వచ్చింది. డెమోక్రాట్ల చేతిలో ఉన్న శాసనసభే దాన్ని ఓటుకి పెట్టింది. గవర్నర్ న్యూసమ్, కమలా హారిస్ మద్దతిచ్చారు. మా పెద్దమ్మాయి 'యెస్ ఆన్ 16' అని కాగితం మీద రాసి ముందుగది కిటికీకి అంటించింది. దానికి కాలేజీ అప్లికేషన్ల టైమది. నేను ఇదే బల్ల దగ్గర కూర్చుని బైడెన్‌కి వేసి, కిందికొచ్చి 16 దగ్గర 'నో' గడి నింపాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. బైడెన్‌కి 63 శాతం వేసిన రాష్ట్రంలో 57 శాతం దాకా 'నో' అన్నారు. అంతమందిలో నేనొకదాన్ని అనుకున్నా మనసు కుదుటపడదు.

ఆ గడి దగ్గర నా చేతిని నడిపింది గుంటూరే అనిపిస్తుంది. 1990 సెప్టెంబర్, ఇంటర్ మొదటి సంవత్సరం. వెనకబడిన కులాలకి కేంద్ర ఉద్యోగాల్లో రిజర్వేషన్లివ్వాలన్న మండల్ సిఫార్సులు అమలు చేస్తామని ప్రధాని వి.పి. సింగ్ ప్రకటించి నెలైంది. దానికి వ్యతిరేకంగా ఢిల్లీలో గొడవ చేస్తున్నారని మేమూ రోడ్డెక్కాం. మెరిట్‌కి విలువ లేకపోతే మాకిదే గతి అని చూపించడానికి రోడ్డు ఊడుద్దామన్నారెవరో. మా హాస్టల్ ఊడ్చే ఆయమ్మ తన చీపురుని వెనక నీళ్ళతొట్టికి ఆనించి పెట్టుకునేది. దాన్ని తెచ్చింది నేనే. పది నిమిషాలు ఊడ్చాం, ఫొటో దిగాం, చీపురు అక్కడే పడేసి వచ్చేశాం. సాయంత్రం ఆయమ్మ గది గదికీ వచ్చి "నా చీపురేమన్నా చూశారా అమ్మా" అని అడిగింది. ఫిజిక్స్ పుస్తకంలోంచి తలెత్తకుండా లేదన్నాను. మర్నాడు వేపమండలు విరిచి కట్టి ఊడ్చుకుంది. మా ఈడు కూతురు ఆమెతో వచ్చి వసారా కడిగేది. ఆ పిల్ల బడికెళ్తుందా లేదా అని అడగాలని కూడా మాలో ఎవరికీ తోచలేదు.

అక్కడి కులం, ఇక్కడి జాతి ఒకటి కావు, తెలుసు. కానీ మెరిట్ అన్న మాట నాకు పట్టుబడింది ఆ చీపురుతోనే. దాన్ని ఇంతదూరం మోసుకొచ్చాను. 16 మళ్ళీ వస్తే 'యెస్' వేస్తాననే అనుకుంటున్నాను. చిన్నదాని అప్లికేషన్లు బల్ల మీదుండగా ఆ మాట గట్టిగా అనలేకపోతున్నాను.

తప్పులుంటే చూడమని చిన్నది తన వ్యాసం ఇక్కడ పెట్టి పడుకుంది. అక్క అంటించిన ఆ కిటికీ కాగితం గురించే రాసింది. రెండో పేరాలో, "మా ఇంట్లో అందరం యెస్ అన్నాం" అని ఉంది. పెన్సిల్‌తో దాని కింద గీత గీశాను. రేపు పొద్దున స్కూలుకి దింపేటప్పుడు, కార్లోనే చెప్తాను.